లీన్ మిశ్రమం, ఇంజిన్ మిస్సింగ్: పెట్రోల్ కార్లలో దోష నిర్ధారణ

ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోల్ అందకపోతే ఏర్పడేది లీన్ మిశ్రమం. దీనివల్ల దహనం నెమ్మదిస్తుంది. కొన్ని సిలిండర్లలో మంట అంటుకోకుండానే చక్రం ముగుస్తుంది. ఇంజిన్ వణుకుతుంది, ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, పికప్ తగ్గుతుంది. షెడ్లలో దీన్ని మిస్సింగ్ కొట్టడం అంటారు. ఈ స్థితికి కారణమైన భాగాన్ని క్రమబద్ధమైన పరీక్షలతో గుర్తించడమే దోష నిర్ధారణ. ఈ వ్యాసం ఆ పద్ధతిని, దాని చరిత్రను, గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల పరిస్థితుల్లో దాని అన్వయాన్ని వివరిస్తుంది.

నిర్వచనం, ప్రమాణాలు

పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో 1 పాలు పెట్రోల్‌కు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజిన్‌కు నిజంగా అందిన నిష్పత్తిని ఈ ఆదర్శ నిష్పత్తితో భాగిస్తే వచ్చే విలువ లాంబ్డా. లాంబ్డా 1 అయితే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, 1 కంటే ఎక్కువైతే లీన్, తక్కువైతే రిచ్. గరిష్ఠ శక్తి 0.85 నుంచి 0.9 ప్రాంతంలో లభిస్తుంది. 1.05 నుంచి 1.1 వరకు స్వల్పంగా లీన్‌గా ఉంటే ఇంధనం ఆదా అవుతుంది. సాధారణ ఇంజిన్‌లో 1.3 దాటుతున్నప్పుడు మిస్సింగ్ మొదలవుతుంది. మూడు రకాల కాలుష్యాలను ఒకేసారి తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ లాంబ్డా 1 చుట్టూ ఉన్న సన్నని పరిధిలో మాత్రమే బాగా పనిచేస్తుంది. అందుకే ఆధునిక కార్లు మిశ్రమాన్ని ఆ విలువ దగ్గరే పట్టి ఉంచుతాయి.

ఆదర్శ నిష్పత్తి ఇంధనాన్ని బట్టి మారుతుంది. ఇథనాల్‌కు అది 9, ఎల్పీజీకి సుమారు 15.5, సీఎన్‌జీలో ప్రధాన భాగమైన మీథేన్‌కు సుమారు 17.2. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు ఇది 13.5 దగ్గర ఉంటుంది.

చరిత్ర

ప్రపంచంలో: 1893లో విల్హెల్మ్ మేబాక్ రూపొందించిన స్ప్రే కార్బ్యురేటర్ గాలిలో పెట్రోల్‌ను తుంపరగా కలిపే పద్ధతికి దారి వేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మిశ్రమం నాణ్యత జెట్ల పరిమాణం మీద, మెకానిక్ చెవి మీద ఆధారపడింది. 1967లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ విధానం డి-జెట్రానిక్‌ను ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టింది. 1976లో అదే సంస్థ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సార్ అమెరికాలో అమ్మిన వోల్వో కార్లలో వచ్చింది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి ఇంధనాన్ని సరిదిద్దే పద్ధతి దానితో మొదలైంది. 1996 నుంచి అమెరికాలో అన్ని కొత్త కార్లకు, దోషాలను కారే గుర్తించి నమోదుచేసే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి కావడంతో దోష సంకేతాలకు ఒకే భాష ఏర్పడింది. పి0171 అంటే ఒకటవ బ్యాంకులో (సిలిండర్ల వరుసలో) మిశ్రమం అతి లీన్, పి0174 అంటే రెండవ బ్యాంకులో అదే స్థితి, పి0300 అంటే ఏ ఒక్క సిలిండర్‌కూ పరిమితం కాని మిస్సింగ్, పి0301 నుంచి పి0304 వరకు ఆయా సిలిండర్ల మిస్సింగ్. నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్లకు ఒకే బ్యాంకు ఉంటుంది కనుక మన చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది పి0171.

భారతదేశంలో: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరు 14న విడుదలైన మారుతి 800 తొలి తరాలన్నీ కార్బ్యురేటర్ కార్లే. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది. సీసం ఆక్సిజన్ సెన్సార్‌నూ కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది కాబట్టి ఈ మార్పు ఇంజెక్షన్ కార్ల విస్తరణకు అవసరమైంది. భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమలయ్యాయి. వాటితో పాటే ఓబీడీ నిబంధన మొదలైంది, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ ఓబీడీ వచ్చింది. మిగతా దేశానికి స్టేజ్ 4 వర్తించింది 2017 ఏప్రిల్‌లో, స్టేజ్ 6 దేశమంతటా అమలైంది 2020 ఏప్రిల్‌లో. అందువల్ల తెనాలి వంటి పట్టణంలో మెకానిక్ ముందుకు కార్బ్యురేటర్ కారు, తొలి తరం ఇంజెక్షన్ కారు, పూర్తి ఓబీడీ ఉన్న కారు ఒకే వారంలో రావచ్చు. మూడింటికీ పరీక్ష తీరు వేరు.

లక్షణాలు

లీన్ మిశ్రమానికి సాధారణంగా కనిపించే గుర్తులు ఇవి: చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఎక్కువ సేపు వణకడం, ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం ఎగుడుదిగుడు కావడం, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడటం, ఇన్‌టేక్ వైపు తుమ్మినట్టు శబ్దం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగలేకపోవడం, చెక్ ఇంజిన్ లైటు వెలగడం. స్పార్క్ ప్లగ్ మొన తెల్లగా బూడిద రంగులో ఉంటే లీన్ అని, లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా ఉందని, నల్లని మసి పడితే రిచ్ అని స్థూలంగా చెప్పవచ్చు. అయితే ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో ప్లగ్ రంగు సూచన మాత్రమే, నిర్ణయం కాదు.

ఇంజిన్ కంప్యూటర్ మిశ్రమాన్ని కొలిచే తీరు

ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ ముందుగా లోపలికి వస్తున్న గాలిని అంచనా వేస్తుంది. ఇందుకు రెండు పద్ధతులున్నాయి. వేడి తీగ మీదుగా వెళ్లే గాలి బరువును నేరుగా కొలిచేది మ్యాఫ్ సెన్సార్. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనం, ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం ఆధారంగా గాలిని లెక్కగట్టేది మ్యాప్ సెన్సార్ పద్ధతి. మన దేశంలోని చాలా చిన్న కార్లు రెండో పద్ధతినే వాడతాయి.

ఆ లెక్కకు తగిన ఇంధనాన్ని ఇంజెక్టర్లు చల్లాక, ఫలితాన్ని ఆక్సిజన్ సెన్సార్ చెబుతుంది. సాధారణ జిర్కోనియా సెన్సార్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక పనిచేస్తుంది. లీన్ పొగకు 0.1 వోల్టు ప్రాంతంలో, రిచ్ పొగకు 0.9 వోల్టు ప్రాంతంలో చూపిస్తుంది. మధ్యరేఖ 0.45 వోల్టు. కొత్త కార్లలోని వైడ్‌బ్యాండ్ సెన్సార్‌కు ఈ అంకెలు వర్తించవు.

సెన్సార్ మాట విని ఈసీయూ చేసే సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. క్షణక్షణం మారేది షార్ట్ టర్మ్ ట్రిమ్, నేర్చుకుని గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండింటి మొత్తం సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యకరం, 10 శాతం వరకు సాధారణంగా సహించదగినది. ధన సంఖ్య అంటే ఈసీయూ ఇంధనం కలుపుతోందని అర్థం. అది సుమారు 25 శాతం దగ్గరకు చేరి అక్కడే నిలిస్తే చాలా కార్లలో పి0171 నమోదవుతుంది. ఈ కోడ్ ఒక కొలతను మాత్రమే తెలియజేస్తుంది. ఏ భాగం చెడిందో చెప్పదు. కోడ్ చూసి నేరుగా ఆక్సిజన్ సెన్సార్ మార్చడం వల్ల తరచూ డబ్బు ఖర్చై దోషం అలాగే మిగిలిపోవడానికి కారణం ఇదే.

కారణాల వర్గీకరణ

*1. లెక్కకు రాని గాలి.* మ్యాఫ్ సెన్సార్ దాటాక ఎక్కడైనా గాలి చొరబడితే దానికి తగిన ఇంధనం పడదు. చిట్లిన వాక్యూమ్ గొట్టాలు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, త్రాటిల్ బాడీ కింది ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ గాలిని తిప్పే పీసీవీ వాల్వు, సరిగ్గా బిగించని ఆయిల్ మూత, ఇంజెక్టర్ల రబ్బరు వలయాలు ఇందుకు సాధారణ స్థానాలు. మ్యాప్ పద్ధతి కార్లలో పరిస్థితి కొంత వేరు. చొరబడిన గాలి మానిఫోల్డ్ పీడనాన్ని పెంచుతుంది, ఈసీయూ ఇంధనం పెంచుతుంది, ఫలితంగా ఐడ్లింగ్ వేగం ఎక్కువవుతుంది. మిశ్రమం లీన్ కాకపోవచ్చు. అయితే లీకు ఒకే సిలిండర్ గాలిదారి పక్కన ఉంటే ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అయి మిస్సింగ్ కొడుతుంది.

*2. ఇంధన కొరత.* బలహీనమైన పంపు, మూసుకుపోయిన ఫిల్టరు, పీడన నియంత్రకం, మురికి పట్టిన ఇంజెక్టర్లు, పంపుకు తక్కువగా అందే వోల్టేజి ఈ వర్గంలోకి వస్తాయి. పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో పీడనం సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉంటుంది. ఖచ్చితమైన విలువకు తయారీదారు పుస్తకమే ప్రమాణం.

*3. తప్పుడు కొలత.* దుమ్ము పట్టిన మ్యాఫ్ తీగ గాలి ప్రవాహం పెరిగేకొద్దీ అసలుకంటే తక్కువ చూపుతుంది. ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గొట్టంలో పగులు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని, సరైన మిశ్రమాన్ని కూడా లీన్‌గా చూపిస్తుంది.

*4. లీన్‌గా కనిపించే మిస్సింగ్.* ప్లగ్ గానీ కాయిల్ గానీ పాడై మంట అంటుకోకపోతే ఆ సిలిండర్‌లోని ఆక్సిజన్ వాడకుండా బయటికి వస్తుంది. కాలని పెట్రోల్ కూడా దానితో వస్తున్నా సెన్సార్ ఆక్సిజన్‌నే గమనించి లీన్ అంటుంది. అందుకే మిస్సింగ్ కోడ్, లీన్ కోడ్ కలిసి వస్తే ఏది ముందు వచ్చిందో తేల్చాలి. పొగలో కొంత తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోవడం, తక్కువ కంప్రెషన్, తప్పిన ట్యాపెట్ క్లియరెన్స్ కూడా ఐడ్లింగ్‌ను చెడగొడతాయి. వీటికీ లీన్ మిశ్రమానికీ సంబంధం ఉండక్కర్లేదు.

నిర్ధారణ క్రమం

మొదటి దశ: స్కానర్ పెట్టి కోడ్‌లతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ నమోదును రాసుకోవాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, భారం ఎంతో అది చెబుతుంది. ముందే కోడ్ చెరిపేస్తే ఈ సాక్ష్యం పోతుంది.

రెండవ దశ: కంటితో, చెవితో పరిశీలన. ఊడిన గొట్టాలు, ఎలుక కొరుకుళ్లు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత, తుప్పు పట్టిన ఎర్త్ బిగింపులు చూడాలి. బుస్సుమనే శబ్దం గాలి లీకుకు గుర్తు.

మూడవ దశ: ఇంజిన్ వేడెక్కాక ట్రిమ్‌లను మూడు స్థితుల్లో చదవాలి. అవి ఐడ్లింగ్, నిలిపి ఉంచిన 2500 ఆర్‌పీఎం, రోడ్డు మీద భారం. వాటి అర్థం ఇలా ఉంటుంది.

- ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువగా ఉండి, 2500 దగ్గర తగ్గిపోతే గాలి లీకు. వేగం పెరిగితే మొత్తం గాలిలో లీకు వాటా తగ్గడమే దీనికి కారణం.
- ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, భారం పడేకొద్దీ పెరిగితే ఇంధన పీడనం తగ్గడం లేదా మ్యాఫ్ తక్కువ చూపడం.
- అన్ని స్థితుల్లో దాదాపు సమానంగా ఎక్కువగా ఉంటే పీడన నియంత్రకం, ఇంజెక్టర్లు, ఇంధనంలో ఇథనాల్ శాతం, సెన్సార్ కొలత.
- ట్రిమ్ మామూలుగా ఉండి ఇంజిన్ మాత్రం వణికితే మిశ్రమాన్ని వదిలి ఇగ్నిషన్, కంప్రెషన్ వైపు వెళ్లాలి.

నాలుగవ దశ: సెన్సార్ నిజం చెబుతోందా అన్న పరీక్ష. ఇన్‌టేక్‌లోకి అదుపులో కొద్దిగా ప్రొపేన్ వంటి ఇంధనం ఇస్తే సాధారణ సెన్సార్ వోల్టేజి వెంటనే 0.8 దాటాలి. దాటి, ఇంజిన్ వణుకు కూడా తగ్గితే సెన్సార్ బాగుంది, మిశ్రమం నిజంగా లీన్. సెన్సార్ స్పందించకపోతే ముందు సైలెన్సర్ లీకు, తర్వాత సెన్సార్, దాని వైరింగ్ చూడాలి.

ఐదవ దశ: లీకు జాడ పట్టడం. అతి తక్కువ పీడనంతో ఇన్‌టేక్‌లోకి పొగ నింపే స్మోక్ టెస్ట్ నమ్మదగిన పద్ధతి. పొగ ఎక్కడ బయటికి వస్తే అక్కడే లీకు. ఈ యంత్రం లేని షెడ్లలో కార్బ్ క్లీనర్ చల్లి ఇంజిన్ శబ్దంలో మార్పు వినడం వాడుకలో ఉంది. వేడి ఇంజిన్ మీద ఇది నిప్పు ప్రమాదం. సబ్బు నీరు గానీ, గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి మూసి చూడటం గానీ సురక్షితం.

ఆరవ దశ: పీడన పరీక్ష. గేజ్ బిగించి ఐడ్లింగ్‌లోనే కాక భారం మీద కూడా చదవాలి. నిలిచి ఉన్నప్పుడు సరిపోయే పంపు ఎత్తు ఎక్కేటప్పుడు చాలకపోవచ్చు.

ఏడవ దశ: మరమ్మతు తర్వాత ట్రిమ్‌లను చెరిపి, అవే మూడు స్థితుల్లో మళ్లీ చదవాలి. సున్నా దగ్గరికి వస్తేనే పని పూర్తయినట్టు.

కార్బ్యురేటర్ కార్లు

స్కానర్ పెట్టే వీలులేని ఈ కార్లలో చోక్ పరీక్ష ప్రధానం. వేడెక్కిన ఇంజిన్ వణుకుతున్నప్పుడు చోక్ కొద్దిగా మూస్తే కుదుటపడితే మిశ్రమం లీన్ అని తేలుతుంది. మరింత చెడితే కారణం వేరు. ఐడ్లింగ్‌లో మాత్రమే లీన్ అయితే స్లో జెట్, మిక్చర్ స్క్రూ, కార్బ్యురేటర్ కింది ప్యాకింగ్, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం చూడాలి. వేగంలో లీన్ అయితే మెయిన్ జెట్, ఫ్లోట్ మట్టం, పంపు డయాఫ్రమ్ చూడాలి. ఈ కార్లకు తమంతట తాము సరిదిద్దుకునే వ్యవస్థ లేదు కనుక ఇంధనంలో ఇథనాల్ పెరిగిన మేరకు మిశ్రమం లీన్ అవుతుంది.

గ్యాస్ కిట్ ఉన్న కార్లు

ఎల్పీజీ, సీఎన్‌జీ కార్లలో రెండు ఇంధనాలు ఉండటమే ఒక పరీక్షా సాధనం. గ్యాస్ మీద మాత్రమే మిస్సింగ్ ఉంటే గ్యాస్ ఫిల్టరు, రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్లను చూడాలి. పెట్రోల్ మీద మాత్రమే ఉంటే పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు అనుమానితాలు. రెండింటి మీదా ఉంటే గాలి లీకు, ఇగ్నిషన్, కంప్రెషన్ వంటి ఉమ్మడి కారణం. గ్యాస్ మిశ్రమాన్ని మండించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోల్ మీద బయటపడని ప్లగ్ లోపం గ్యాస్ మీద ముందుగా బయటపడుతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత పరిస్థితులు

ఈ మూడు పట్టణాలూ కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. తెనాలి ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువల ఊరు. బాపట్లకు సమీపంలో సూర్యలంక తీరం, రేపల్లెకు ఒక పక్క కృష్ణా నది, దక్షిణాన నిజాంపట్నం రేవు ఉన్నాయి. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. రేపల్లె, బాపట్లలను 216వ జాతీయ రహదారి కలుపుతుంది.

పీడన కొలతలు: నేల సముద్ర మట్టానికి దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడ ఎత్తు సవరణ అవసరం లేదు. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చదివితే మ్యాప్ సెన్సార్ సుమారు 100 కిలోపాస్కల్స్ చూపాలి. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో సాధారణంగా 30 నుంచి 40 మధ్య ఉంటుంది. మొదటి అంకె తేడాగా ఉంటే సెన్సార్ లేదా వైరింగ్ లోపం, రెండోది మాత్రమే ఎక్కువగా ఉంటే గాలి లీకు లేదా ఇంజిన్ లోపలి లోపం.

ఉప్పు గాలి, తేమ: తీరం వైపు తిరిగే కార్లలో సైలెన్సర్ గొట్టాల అతుకులు, ఎర్త్ బిగింపులు, సెన్సార్ల పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. సెన్సార్‌కు ముందున్న గొట్టం తుప్పుకు చిల్లు పడితే తప్పుడు లీన్ కోడ్ వస్తుంది. బలహీనమైన ఎర్త్ పెట్రోల్ పంపుకు చేరే వోల్టేజిని తగ్గిస్తుంది.

ఎండ, ఎలుకలు, దుమ్ము: వేసవి వేడికి వాక్యూమ్ గొట్టాల రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. వరి పొలాల పక్కన నిలిపిన కార్లలోకి, ముఖ్యంగా కోతల తర్వాత, ఎలుకలు చేరి గొట్టాలనూ వైర్లనూ కొరుకుతాయి. నూర్పిళ్ల కాలంలో లేచే ధూళి సరిగ్గా కూర్చోని ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచి దూరి మ్యాఫ్ తీగ మీద పేరుకుంటుంది. నిండిన ఎయిర్ ఫిల్టర్ మాత్రం గాలిని తగ్గిస్తుందే తప్ప లీన్ మిశ్రమానికి నేరుగా కారణం కాదు.

తుపానులు, వరదలు: మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, దిగువన లంక గ్రామాలను ముంచింది. నీట మునిగిన కారును స్టార్ట్ చేయరాదు. సిలిండర్‌లోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు తీసి ఇంజిన్ తిప్పి నీరు బయటికి పంపాలి. ట్యాంకులోని పెట్రోల్‌ను పరీక్షించాలి, కనెక్టర్లను ఆరబెట్టాలి. వరద తర్వాత వచ్చే లీన్ కోడ్‌లకు పెట్రోల్‌లో నీరు, తడిసిన కనెక్టర్లు తరచూ మూలం.

ఇథనాల్: ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌ను ప్రధానమంత్రి 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. పది శాతం మిశ్రమం నుంచి ఇరవైకి మారితే ట్రిమ్ సుమారు 4 శాతం పెరగడం సహజం, అది దోషం కాదు. అప్పటికే గాలి లీకుతో ట్రిమ్ 20 శాతం దగ్గర ఉన్న కారులో ఈ పెరుగుదలే కోడ్ పడటానికి సరిపోతుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కనుక తేమ ఎక్కువైన ఈ ప్రాంతంలో నెలల తరబడి కదలని కారులో పాత పెట్రోల్‌ను తీసి కొత్తది నింపి పరీక్షించడం మేలు.

సౌకర్యాలు: స్థానిక షెడ్లలో చేతి స్కానర్లు వాడుకలోకి వచ్చాయి. విడిభాగాలకు, ప్రత్యేక పరీక్షలకు విజయవాడలోని జవహర్ ఆటోనగర్, గుంటూరు నగరం సమీప కేంద్రాలు. అయితే పైన చెప్పిన ఏడు దశల్లో ఎక్కువ భాగానికి ప్రత్యక్ష విలువలు చూపే సాధారణ స్కానర్, ఒక పీడన గేజ్, ఒక మల్టీమీటర్ చాలు.

కాలుష్య పరీక్షతో సంబంధం

స్టేజ్ 4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు కాలుష్య ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు 2500 ఆర్‌పీఎం ప్రాంతంలో లాంబ్డాను కూడా కొలుస్తారు. అది 1కి అటూ ఇటూ 0.03 లోపు ఉండాలి. పొగ విశ్లేషణ నిర్ధారణకూ తోడ్పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ, హైడ్రోకార్బన్లు ఎక్కువ అయితే లీన్ వల్ల మిస్సింగ్ జరుగుతోందని అర్థం. హైడ్రోకార్బన్లు తక్కువగా ఉండి ఆక్సిజన్ మాత్రమే ఎక్కువైతే సైలెన్సర్ లీకును అనుమానించాలి.

ప్రాముఖ్యం

లీన్ దోషాన్ని పట్టించుకోకుండా నడిపితే భారం మీద నాకింగ్ పెరిగి పిస్టన్లు, ఎగ్జాస్ట్ వాల్వులు దెబ్బతినవచ్చు. మిస్సింగ్‌తో కాలకుండా వెళ్లే పెట్రోల్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించగలదు. ఆ భాగం ఖరీదు చిన్న వాక్యూమ్ గొట్టం ఖరీదుకు ఎన్నో రెట్లు. బ్రేక్ బూస్టర్ గొట్టం లీకు లీన్ కోడ్‌తో పాటు బ్రేకుల బలాన్ని కూడా తగ్గిస్తుంది కనుక అది ప్రాణరక్షణ అంశం కూడా. భాగాలను ఊహతో మార్చుతూ పోవడానికి బదులు కొలతలతో కారణాన్ని వేరుచేయడం వల్ల యజమానికి ఖర్చు, మెకానిక్‌కు సమయం, ఊరికి పొగ తగ్గుతాయి.

ఇవి కూడా చూడండి

ఆక్సిజన్ సెన్సార్, ఇథనాల్ మిశ్రమ పెట్రోల్, ఓబీడీ, కార్బ్యురేటర్, కృష్ణా పశ్చిమ డెల్టా, కేటలిటిక్ కన్వర్టర్, భారత్ స్టేజ్ ప్రమాణాలు, స్పార్క్ ప్లగ్.